బరకాల షాపులో కుట్టించిన తెరచాప ఎలా ఉంటుంది?

కళింగపట్నం వైపు చిన్న పడవకి తెరచాప మార్చాలంటే శ్రీకాకుళంలో బరకాలు కుట్టే షాపు చవకే. కుట్టు గట్టిదే, గుడ్డతోనే పేచీ. ప్లాస్టిక్ బరకాన్ని ఐమూలగా లాగి చూడండి, సాగుతుంది. గాలి పట్టగానే సంచిలా ఉబ్బిపోతుంది, పడవ గాలికి సరిగా ఎదురెక్కదు. ఎండకి పెళుసెక్కి పొట్టు రాలుతుంది కూడా. తెరచాపలకి వాడే పాలిస్టర్ గుడ్డ, డేక్రాన్ అంటారు, అదే అడగండి.

కొలతలు పాత తెరచాప మీద తీయొద్దు, అది ఎప్పుడో సాగిపోయి ఉంటుంది. తెరచాప కట్టే నిలువు కొయ్యనీ, దాని అడుగున ఉండే అడ్డ కర్రనీ కొలిచి, తాడు బిగించడానికి జానెడు వదలండి. మూలలకి మూడేసి పొరల అతుకు, జిగ్‌జాగ్ కుట్టు, పాలిస్టర్ దారం తప్పనిసరి. నూలు దారమైతే గుడ్డ బాగున్నా కుట్టు ముందు ఊడుతుంది.

తాడు దూర్చే కన్నాలకి ఈ షాపులో వేసిచ్చేవి ఇనుప రింగులు. ఉప్పుగాలికి తుప్పు పట్టి, చుట్టూ గుడ్డని తినేస్తాయి. ఇత్తడివి మనమే పట్టుకెళ్లాలి.