సింగ్ నగర్ అనగానే ‘వరదలో మునిగిన ఫ్రిజ్’ అనేశారు: వారంటీలో ఉన్నవాళ్ళు ఇది చదవండి

నిన్న సాయంత్రం షోరూం నుంచి ఇంటికొచ్చాక అన్నం తినబుద్ధి కాలేదు. రాత్రంతా అక్కడి మేనేజర్ అన్న మాటే చెవిలో తిరిగింది. ఇవాళ కూర్చుని రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకుని చదవండి. షాపు పేరు రాయను. ఉగాదికి ఫ్రిజ్‌లకీ ఏసీలకీ విజయవాడ వాళ్ళు బారులు తీరే పెద్ద షోరూంలలో అదొకటి, అంతవరకు చాలు.

2024 ఏప్రిల్ 6న ఉగాది ఆఫర్‌లో డబుల్ డోర్ ఫ్రిజ్ కొన్నాం. 31,500 రూపాయలు. మొత్తం ఫ్రిజ్‌కి ఏడాది వారంటీ, కంప్రెసర్‌కి పదేళ్ళు. అమ్మిన కుర్రాడు తలుపు మీద స్టిక్కర్‌ని చేత్తో తట్టి, “పదేళ్ళు మీరు మళ్ళీ షాపు గుమ్మం ఎక్కే పని లేదు మేడం” అన్నాడు. ఇంకో 2,800 కడితే మరో రెండేళ్ళు వారంటీ పొడిగిస్తామన్నారు. పదేళ్ళు ఉండగా మళ్ళీ ఇదెందుకని నేనే వద్దన్నాను. మా వారు తీసుకుందామనే అన్నారు. ఆ మాట వినాల్సింది.

2025 మార్చి 18న పైన ఐసు కట్టడం మానేసింది. కింద పెట్టిన పాలు సాయంత్రానికి విరిగిపోతున్నాయి. అప్పటికి వారంటీ ఇంకా 18 రోజులుంది. నేను చేసిన పెద్ద తప్పు ఇక్కడే. కంపెనీ టోల్ ఫ్రీ నంబర్‌కి ఫోన్ చేయకుండా, షాపులో అమ్మిన కుర్రాడికి వాట్సాప్‌లో వీడియో పెట్టాను. “సరే మేడం, మనిషిని పంపిస్తా” అని రెండు నిమిషాల్లో జవాబిచ్చాడు. ఎంత త్వరగా స్పందించాడని సంతోషించాను కూడా. రెండు రోజులకి ఒకతను వచ్చాడు, వెనక్కి తిప్పి చూశాడు, ఏదో బిగించాడు. “ఎండలు మొదలయ్యాయి కదా, సామాను ఎక్కువ పెట్టకండి, లోపల కూలింగ్ నంబర్ పెంచుకోండి” అని చెప్పి వెళ్ళిపోయాడు. మంచినీళ్ళిచ్చి, ఆటో ఖర్చులకని వంద రూపాయలు చేతిలో పెట్టాను. సంతకం అడగలేదు, కాగితం ఇవ్వలేదు. నాకూ అడగాలని తోచలేదు.

నాలుగైదు వారాలు ఎలాగో నడిచింది. ఏప్రిల్ 26న పూర్తిగా పోయింది. లైటు వెలుగుతుంది, మోటారు తిరుగుతున్న శబ్దం వస్తుంది, చల్లదనం మాత్రం లేదు. వారంటీ అయిపోయి సరిగ్గా 21 రోజులు. బయట ఎండ ఎలా ఉందో మీకు నేను చెప్పక్కర్లేదు. మా అత్తయ్య గారికి ఇన్సులిన్ ఉంది. వాడకుండా దాచే సీసాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. పెరుగు పోయినా, దోసెల పిండి పోయినా పారబోసుకుంటాం. ఆ సీసాల విషయంలో మాత్రం ఒళ్ళంతా వణికిపోయింది.

అప్పుడు టోల్ ఫ్రీకి చేశాను. వాళ్ళ ఇంజనీర్ వచ్చి, కంప్రెసర్ బాగానే ఉంది, లోపల కాయిల్ దగ్గర గ్యాస్ లీకవుతోంది అన్నాడు. కాయిల్, గ్యాస్ ఛార్జింగ్, కూలీ కలిపి 8,700 అని అంచనా రాసిచ్చాడు. మరి పదేళ్ళ వారంటీ? అది కంప్రెసర్‌కి మాత్రమే అట. గ్యాసుకి లేదు, కాయిల్‌కి లేదు, బోర్డుకి లేదు, కూలీకి లేదు. స్టిక్కర్ మీద ‘పది’ మా వాకిట్లో నిలబడితే కనిపించేంత పెద్దగా ఉంది. ‘కంప్రెసర్’ అన్న మాట దాని కింద చిన్నగా ఉంది. మార్చిలో కంప్లైంట్ ఇచ్చాను బాబూ అంటే ఫోన్‌లో వెతికి, “మా దగ్గర ఈ ఫ్రిజ్ మీద ఇంతవరకు ఒక్క కంప్లైంట్ కూడా లేదండీ” అన్నాడు. అంటే మార్చిలో వచ్చినతను కంపెనీ మనిషి కాదు, షాపు వాళ్ళు పంపిన ఎవరో మెకానిక్.

సరే, పంపినవాళ్ళనే అడుగుదామని నిన్న నేనూ మా వారూ షోరూంకి వెళ్ళాం. అమ్మిన కుర్రాడు మానేశాడట. నలభై నిమిషాలు కూర్చోబెట్టి మేనేజర్ దగ్గరికి పంపారు. బిల్లు చూశాడు, తారీఖు చూశాడు, బిల్లు వెనక్కి తోశాడు. “ఏడాది అయిపోయింది మేడం, మాకేం సంబంధం లేదు. కంపెనీ చూసుకుంటుంది.” వారంటీ ఉండగానే చెప్పాను, మీ మనిషి వచ్చాడు అన్నాను. “జాబ్ షీట్ ఉందా?” అంటే వచ్చినతను చేసిన పని రాసిచ్చే కాగితం. లేదు. “కంప్లైంట్ నంబర్?” లేదు. “పోనీ వచ్చినతని పేరు?” అదీ తెలీదు. వాట్సాప్ మెసేజ్ ఉందని ఫోన్ తీశాను కానీ ఆ టెన్షన్‌లో చేతులు వణికి, ఆ కుర్రాడి నంబర్ ఏ పేరుతో పెట్టుకున్నానో కూడా గుర్తు రాలేదు.

అప్పుడడిగాడు, “మీ ఇల్లెక్కడ?” అని.

“సింగ్ నగర్” అన్నాను.

కుర్చీలో వెనక్కి వాలాడు. “అదీ సంగతి. వరదలో మునిగిన ఫ్రిజ్‌లు మా దగ్గరికి బోలెడొచ్చాయి మేడం. కడుక్కుని, తుడుచుకుని, వారంటీ అంటూ వస్తారు.”

మాది రెండో అంతస్తు అని చెప్పాను. “అందరూ అదే చెప్తారు” అన్నాడు. పక్కన టీవీ కొనడానికి వచ్చిన కుటుంబం ఉంది. వాళ్ళు మావైపు తిరిగి చూశారు. మా వారు నెమ్మదస్తులు, ఎవరినీ ఒక మాట అనరు. ఆయన లేచి నిలబడి, “పద వెళ్దాం” అన్నారు. ఆయన ముఖం చూసి నాకు ఏడుపొచ్చింది.

2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు పొంగి మా సింగ్ నగర్‌లోకి నీళ్ళు వచ్చినప్పుడు మేం పడ్డది మాకు తెలుసు. కింది వాటా వాళ్ళు చంటిపిల్లతో సహా మా ఇంట్లోనే ఉన్నారు. కరెంటు లేదు, పడవ మీద వచ్చిన పాల ప్యాకెట్లు మూడు ఇళ్ళు పంచుకున్నాం. మునిగింది వాళ్ళ ఫ్రిజ్, వాళ్ళ మంచాలు, వాళ్ళ బీరువా. మా ఫ్రిజ్‌కి నీటి తడి తగల్లేదు. ప్రభుత్వం కూడా కింద ఉన్నవాళ్ళకి 25,000, పై అంతస్తుల వాళ్ళకి 10,000 ఇచ్చింది. మా ఖాతాలో పడింది 10,000. ఈ మాట షోరూంలో గుర్తొచ్చి ఉంటే బాగుండేది. బస్సులో గుర్తొచ్చింది. ఊళ్ళో ఒక ప్రాంతం పేరు చెప్పగానే మనిషిని దొంగలా చూడటం ఏమిటి? అక్కడ ఎన్ని వేల ఇళ్ళున్నాయి, అందరం మోసగాళ్ళమేనా? 8,700 ఎలాగో సర్దుకుంటాం. ఈ మాట మాత్రం మర్చిపోలేను.

రాత్రి మా తమ్ముడు వాడి స్నేహితుడితో మాట్లాడించాడు, ఇక్కడే కోర్టులో ప్రాక్టీసు చేస్తాడు. అతను చెప్పింది విన్నాక కాస్త ధైర్యం వచ్చింది. వారంటీ కార్డు అనేది కంపెనీ మనకిచ్చిన మాట. దాని గడువు అయినంత మాత్రాన చట్టం ప్రకారం మనకున్న హక్కు పోదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై 20 నుంచి అమల్లో ఉంది. అమ్మినవాడు ఉంటుందని చెప్పిన నాణ్యత వస్తువులో లేకపోయినా ఆ చట్టం ప్రకారం అది లోపమే. అయితే ఫలానా వస్తువు ఇన్నేళ్ళు పనిచేసి తీరాలి అని మన చట్టంలో ఎక్కడా లేదు. అందుకని లోపం తయారీలోనే ఉందనో, వారంటీ ఉండగానే బయటపడిందనో మనమే చూపించాలి. గడువు దాటాక వాడకం వల్ల పాడైందని వాళ్ళు వాదిస్తారు. “మీ మార్చి నెల మెసేజ్ ఉంటే అక్కా, అదే మీకు ప్రాణం” అన్నాడు.

అర్ధరాత్రి దాకా వెతికాను. దొరికింది. మార్చి 18, సాయంత్రం 6:42, నేను పెట్టిన వీడియో, కింద ఆ కుర్రాడి జవాబు. స్క్రీన్‌షాట్ తీసి ముగ్గురికి పంపి దాచమన్నాను.

ఇవాళ పొద్దున 1915కి ఫోన్ చేశాను, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులోనే మాట్లాడారు, ఓపికగా విన్నారు, ఫిర్యాదు నంబర్ ఇచ్చారు. అది కోర్టు కాదు, కంపెనీకి పంపి జవాబు అడుగుతారు. అక్కడ తేలకపోతే మన ఎన్టీఆర్ జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. మనం చెల్లించిన ధర 50 లక్షల లోపు ఉంటే జిల్లాలోనే వేసుకోవచ్చు, 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు. కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా సరే, మనం ఉండే చోటే వేయొచ్చు. లాయర్ తప్పనిసరి కాదు. సమస్య తలెత్తినప్పటి నుంచి రెండేళ్ళలోపు వేయాలి. కంపెనీనీ షాపునీ ఇద్దరినీ చేర్చమని ఆ లాయర్ అబ్బాయి చెప్పాడు. ముందు ఇద్దరికీ నోటీసు రాసి రిజిస్టర్ పోస్టులో పంపుతున్నాను. మా వారు తెల్లకాగితం మీద ఇప్పటికి రెండుసార్లు రాసి కొట్టేశారు. వరద మాట ఎలా రాయాలో ఆయనకి తెలియడం లేదు.

మీలో ఎవరి వస్తువైనా వారంటీలో ఉండి ఏ చిన్న తేడా చేసినా, షాపు వాళ్ళకి చెప్పి ఊరుకోకండి. కంపెనీ టోల్ ఫ్రీకి చేసి నంబర్ తీసుకోండి. వచ్చినతను ఏం చూశాడో, ఏం చేశాడో తారీఖుతో రాసిచ్చే దాకా పంపకండి. ఇంకొకటి, కేసు దాకా వెళ్ళే ఆలోచన ఉంటే బయట మెకానిక్ చేత విప్పించకండి. అవసరమైతే కమిషన్ వాళ్ళు వస్తువుని ల్యాబ్‌లో పరీక్ష చేయించవచ్చు. విప్పేస్తే, విప్పినవాడే పాడు చేశాడంటారు. మా వీధి చివర మెకానిక్ 4,000కి చేసేస్తానన్నాడు, ఈ ఎండల్లో ఎంత ఆశగా ఉన్నా ఆపేశాను.

ఇన్సులిన్ ప్రస్తుతం కింది వాటా వాళ్ళ ఫ్రిజ్‌లో ఉంది. పాతది వరదలో పోయాక వాళ్ళు అక్టోబర్‌లో కొత్తది కొన్నారు, అదే షోరూంలో. పొద్దున సీసా కోసం దిగినప్పుడు జరిగింది చెప్పి, మీ బిల్లు ఒకసారి తీయమ్మా అన్నాను. బీరువా అడుగు నుంచి తీసింది. ఏడు నెలలకే ఆ కాగితం మీద సగం అక్షరాలు వెలిసిపోయాయి. తారీఖు ఇంకా కనిపిస్తోంది. కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి ముందూ వెనకా ఫోటో తీసి ఆ అమ్మాయి ఫోన్‌కి పంపాను.