అల్మెరియా ఎడారిలో నాలుగు రోజులు: పగ సినిమాలు తీసిన చోట్లు

ముందే చెప్పేస్తాను. స్పెయిన్‌లోని అల్మెరియాలో మీకు ఒక్క రోజే ఉంటే టికెట్ కొని చూసే పాత కౌబాయ్ సినిమా సెట్టింగుల్లో ఒకటి చాలు, మిగతా సమయమంతా లాస్ అల్బారికోకెస్ అనే చిన్న పల్లెకి ఇవ్వండి. మేం నాలుగు రోజులు తిరిగాం, ఇప్పటికీ ఇంట్లో మాటల్లోకి వచ్చేది ఆ పల్లే.

నాన్నది తెనాలి దగ్గర ఊరు, కృష్ణ గారి వీరాభిమాని. 1971లో 'మోసగాళ్లకు మోసగాడు' వచ్చినప్పుడు ఆయనకి పదమూడేళ్లు. ఇటాలియన్లు స్పెయిన్‌లో తీసిన కౌబాయ్ సినిమాలు చూసి ఉత్సాహపడే మనవాళ్లు రాజస్థాన్ ఇసుకలోకి వెళ్లి అది తీశారని తర్వాత తెలిసిందట, అప్పటినుంచీ ఆ అసలు సినిమాలన్నీ వెతికి వెతికి చూశారు. నేను జర్మనీలో ఉద్యోగం చేస్తున్నాను కాబట్టి, కిందటి అక్టోబరులో ఆయన నా దగ్గరికి వచ్చినప్పుడు పారిస్ వద్దు, రోమ్ వద్దు, అల్మెరియా తీసుకెళ్లమన్నారు.

మాలగాలో విమానం దిగి కారు అద్దెకి తీసుకున్నాం. అక్కడినుంచి అల్మెరియా 200 కిలోమీటర్లు, రోడ్డు చాలా బాగుంది, సముద్రం పక్కనే వెళ్తుంది. మన లైసెన్సుతో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తప్పకుండా పట్టుకెళ్లండి. కారు కంపెనీ పేరు రాయను కానీ కౌంటర్ దగ్గర గంట సేపు టెన్షన్ పెట్టారు, డెబిట్ కార్డు పనికిరాదన్నారు, క్రెడిట్ కార్డు మీద 1,200 యూరోలు బ్లాక్ చేశారు, పైగా మట్టి రోడ్డు మీద ఏం జరిగినా ఇన్సూరెన్స్ వర్తించదనే సంగతి కాగితాల్లో చిన్న అక్షరాల్లో ఉంది. ఇక్కడ చూడదగ్గ చోట్లు సగం మట్టి రోడ్ల మీదే ఉన్నాయి, కాబట్టి ఆ ఒక్క లైను వెతికి చదివాకే సంతకం పెట్టండి.

అల్మెరియా నుంచి ఉత్తరానికి ముప్పై కిలోమీటర్లు వెళ్తే టాబెర్నాస్ ఎడారి. రెండు కొండల వరసల మధ్య ఎండిపోయిన వాగులు, మట్టి గుట్టలు, అక్కడక్కడా ముళ్లపొదలు. చూడగానే టెక్సాసో మెక్సికో సరిహద్దో అనిపిస్తుంది. ఇటాలియన్లకి అమెరికా వెళ్లేంత డబ్బు లేదు, ఇక్కడేమో ఖర్చు తక్కువ, ఎండ ఎక్కువ, అందుకే 1960లలో సినిమా మీద సినిమా ఇక్కడికొచ్చి తీశారు. మేం మొదట చూసింది మినీ హాలీవుడ్. సెర్జియో లియోనే 1965లో తీసిన 'ఫర్ ఎ ఫ్యూ డాలర్స్ మోర్' కోసం కళా దర్శకుడు కార్లో సిమి కట్టిన ఊరు ఇది, ఆ బ్యాంకు, ఆ సెలూన్ బారు ఇంకా నిలబడి ఉన్నాయి. టికెట్‌లోనే జూ, గుర్రాల మీద దొంగల పోరాటం షో కూడా కలిసి ఉంటాయి. పిల్లలతో వెళ్తే ఇదే సరైన చోటు, నీడ ఉంది, కూర్చోడానికి చోటుంది. షో మొదలయ్యే ముందు వీధి ఖాళీగా ఉన్నప్పుడు బ్యాంకు ఎదురుగా నిలబడి చూడండి, సినిమాలో బహుమతి డబ్బు కోసం దొంగల్ని వేటాడే ఇద్దరు ఎదురెదురు కిటికీల్లోంచి ఒకరినొకరు కనిపెట్టుకుని ఉండే దృశ్యం గుర్తొస్తుంది.

ఫోర్ట్ బ్రావో అనే ఇంకో సెట్టింగు దానికి దగ్గర్లోనే ఉంది. దుమ్ము ఎక్కువ, హంగులు తక్కువ, నాకు ఇదే నచ్చింది. మెక్సికన్ పల్లె సెట్టు, చర్చి, ఉరికంబం, వెనక అడ్డు లేకుండా ఎడారి. రాత్రి ఉండటానికి చెక్క కేబిన్లు కూడా ఉన్నాయి, మేం ఉండలేదు. రెండిట్లో ఒకటే చూడాలంటే, పిల్లలుంటే మొదటిది, సినిమా పిచ్చి ఉంటే ఇది.

వెస్టర్న్ లియోనే మూడోది, చిన్నది. సీజన్ కాని రోజుల్లో మూసి ఉండొచ్చు, ముందే కనుక్కోండి. అక్కడున్న పెద్ద దుంగల ఇల్లు 1968 నాటి 'వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ది వెస్ట్' కోసం కట్టింది. పెళ్లి భోజనానికి బల్లలు వేసుకుని ఎదురుచూస్తున్న కుటుంబాన్ని ఫ్రాంక్ ముఠా కాల్చేసేది ఈ ఇంటి ముందే, చివరికి మిగిలిన పిల్లాణ్ని కూడా వదలడు. అంతకుముందు దాదాపు ఎప్పుడూ మంచివాడి వేషాలే వేసిన హెన్రీ ఫోండా ఫ్రాంక్‌గా ఆ నీలి కళ్లతో పిల్లాడి వైపు చూస్తుంటే నాకు చిన్నప్పుడు నిద్ర పట్టలేదు. నాన్న ఆ వాకిట్లో చాలాసేపు మాట్లాడకుండా నిలబడ్డారు.

బస సంగతి. నిహార్ దగ్గర ఒక పాత రైతు ఇంట్లో గది తీసుకున్నాం, రాత్రికి 70 యూరోలు. గోడలు మందం, పగలు చల్లగా ఉంది, రాత్రి మాత్రం వణికించింది, రెండో దుప్పటి అడిగితే గాని ఇవ్వలేదు. ఇంటివాళ్లకి ఇంగ్లీషు రాదు, ఫోన్లో అనువాదంతోనే అంతా నడిచింది. మధ్యాహ్నం నాలుగు దాటితే హోటళ్లలో వంట దొరకదు, మళ్లీ రాత్రి ఎనిమిదిన్నరకే. అల్మెరియా బార్లలో ఏదైనా తాగితే చిన్న ప్లేటు తినుబండారం ఉచితంగా ఇస్తారు, అలా మూడు చోట్ల తిరిగితే భోజనం అయిపోతుంది. శాకాహారులు బంగాళాదుంప ఆమ్లెట్ తినగలిగితే ఇబ్బంది లేదు. గుడ్డు కూడా తినని వాళ్లు పచ్చడి, మ్యాగీ పట్టుకెళ్లాల్సిందే, కూరగాయల వంటకంలో కూడా పంది మాంసం ముక్కలు వేస్తారు.

ఇక లాస్ అల్బారికోకెస్. తెల్ల ఇళ్లు, నాలుగు వీధులు. వీధులకి క్లింట్ ఈస్ట్‌వుడ్, లీ వాన్ క్లీఫ్ పేర్లు పెట్టుకున్నారు. ఊరి అంచున రాళ్లు పరిచిన గుండ్రటి చోటు ఉంది, 'ఫర్ ఎ ఫ్యూ డాలర్స్ మోర్' చివరి పోరు అక్కడే తీశారు. టికెట్ లేదు, గేటు లేదు. నేను ఫోటోలు తీస్తుంటే నాన్న వంగి రాళ్లని చేత్తో తడిమి, "ఇది కళ్లంరా" అన్నారు. నిజమే, గోధుమలు నూర్చే కళ్లం. రాళ్లన్నీ నడిమధ్య నుంచి కిరణాల్లా పరిచి ఉన్నాయి, పైభాగం నున్నగా అరిగిపోయింది. మా తాతయ్య పేడతో అలికి, ఎడ్లని తిప్పి నూర్చిన కళ్లం కూడా ఇంతే ఉండేదట, మనది మట్టి, వీళ్లది రాయి, అంతే తేడా.

ఆ సినిమాలో కల్నల్ మోర్టిమర్ చెల్లెలి చావుకి కారణమైన ఇండియో దగ్గర ఒక జేబు గడియారం ఉంటుంది. మూత తీస్తే పాట వస్తుంది, పాట ఆగాక కాల్చుకోవాలి. కల్నల్ దగ్గరా సరిగ్గా అలాంటిదే ఇంకోటి ఉంటుంది, లోపల చెల్లెలి ఫోటోతో. మోరికోనే సంగీతం ఆ చిన్న గంటల చప్పుడుతో మొదలై కళ్లం అంతా నిండిపోతుంది. ఏళ్ల తరబడి మోసిన పగ తీరడానికి పట్టేది ఒక్క తూటా. బహుమతి డబ్బంతా వదిలేసి కల్నల్ వెళ్లిపోతాడు. ఆ ఎదురుచూపు ఎంత పొడుగో, ఆ గుండ్రంలో ఈ చివర నుంచి ఆ చివరకి నడిచినప్పుడు కాళ్లకి తెలిసింది. నాన్న ఫోన్లో ఆ పాట పెట్టుకుని కళ్లం అంచున కూర్చున్నారు, పాట అయ్యేదాకా నేనూ పలకరించలేదు.

అక్కడినుంచి కొన్ని కిలోమీటర్లు మట్టి రోడ్డు మీద వెళ్తే కోర్తిహో దెల్ ఫ్రైలే అనే పాత కట్టడం. 'ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ'లో గాయపడ్డవాళ్లని చేర్చే మఠం ఇదే. మేం వెళ్లేసరికి చుట్టూ కంచె ఉంది, గోడలు కూలేలా ఉన్నాయి, లోపలికి వెళ్లలేదు. కానీ ఈ చోటుకి సినిమా కన్నా పాత కథ ఉంది. 1928 జూలైలో ఇక్కడ పెళ్లి కావాల్సిన అమ్మాయి ఆ రాత్రే తన బంధువుతో వెళ్లిపోయింది, పెళ్లికొడుకు సోదరుడు దారిలో కాపు కాసి ఆ కుర్రాణ్ని కాల్చి చంపాడు. ఆమె బతికింది, జీవితాంతం పెళ్లే చేసుకోలేదు. స్పానిష్ రచయిత లోర్కా 'రక్త వివాహం' నాటకానికి మూలం ఈ ఘటనే. కళ్లం దగ్గర ఉత్సాహంగా ఉన్న నాన్న ఈ సంగతి చెప్పగానే, "ఆ పిల్ల ఎలా బతికిందో పాపం" అని కారెక్కేదాకా అదే మాట అన్నారు. సినిమాలో పగ తీర్చుకున్నవాడు గుర్రమెక్కి పోతాడు, ఇక్కడ ఆమె ఈ ప్రాంతంలోనే ఉండిపోయింది.

చివరి రోజు గ్రనాడా వైపు వెళ్తూ లా కలహోర్రా దగ్గర ఆగాం. 'వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ది వెస్ట్'లో హార్మోనికా వాయించే చార్లెస్ బ్రాన్సన్ తన అన్న చావుకి లెక్క తీర్చుకుంటాడు, అందులో రైలు వచ్చే ఊరి సెట్టు ఈ మైదానంలోనే వేశారు. మిగిలింది కొన్ని గోడలే, దీనికోసం ప్రత్యేకంగా వెళ్లక్కర్లేదు, దారిలో అయితే ఆగండి, పైన కోట బాగుంటుంది. జూలై, ఆగస్టుల్లో మాత్రం ఈ ప్రాంతానికి పెద్దవాళ్లని తీసుకురాకండి. అక్టోబరులోనే మాకు పన్నెండు గంటలకల్లా మాడు పగిలింది, ఒక్కొక్కరం రోజుకి మూడు లీటర్ల నీళ్లు తాగాం. కళ్లం దగ్గర నీడ అసలు లేదు, పొద్దున తొమ్మిదిలోపు గానీ సాయంత్రం ఆరు దాటాక గానీ వెళ్లండి, ఆ వేళల్లో అక్కడ మనిషే కనపడడు.