తీపి రొట్టె పొంగకపోతే తప్పు చేతిది కాదు: సాఫ్-ఇన్‌స్టంట్ గోల్డ్ ఈస్ట్‌పై సమీక్ష

ఎండు ద్రాక్ష, పాకంలో ఊరిన నారింజ తొక్క, వెన్న, గుడ్లు దండిగా పడే పండుగ రొట్టెను ఇంట్లో చేయబోయి, చివరికి ఇటుకలాంటి ముద్దను ఓవెన్‌లోంచి తీసినవారు చాలామందే ఉంటారు. నాకు ఆ అనుభవం మూడుసార్లు అయింది. పిండి సరిగా మర్దించలేదేమో, పాలు మరీ వేడిగా పోశానేమో అని ప్రతిసారీ నా చేతినే తప్పుపట్టుకున్నాను. పొరపాటు పిండిని పొంగించే ఈస్ట్ ఎంపికలో ఉందని తెలిసింది మాత్రం, ఫ్రాన్స్‌కు చెందిన లెసాఫ్ర్ సంస్థ తయారుచేసే సాఫ్-ఇన్‌స్టంట్ గోల్డ్ వాడిన తరువాతనే.

ఈ సంస్థ ఎరుపు పొట్లంలో అమ్మే రకం మామూలు రొట్టెలకు, బంగారు రంగు పొట్లంలోది తీపి పిండికి ఉద్దేశించినవి. చక్కెర తన చుట్టూ ఉన్న నీటిని లాక్కుంటుంది. మైదా బరువుతో పోలిస్తే దాని వాటా సుమారు 10 శాతం దాటేసరికి ఈస్ట్ కణాల్లోని నీరు కూడా బయటికి పోసాగి, కణాలు బతికే ఉన్నా వాటి పని మందగిస్తుంది. గోల్డ్‌లో వాడే ఈస్ట్ జాతి ఈ ఒత్తిడిని తట్టుకోగలదు. నేను 500 గ్రాముల మైదాకు 90 గ్రాముల చక్కెర, 100 గ్రాముల వెన్న, రెండు గుడ్లు, 8 గ్రాముల ఈస్ట్ వేస్తాను. చక్కెర 18 శాతమన్నమాట. మామూలు ఈస్ట్‌తో మూడు గంటలైనా కదలని ఆ ముద్ద, దీనితో రెండు గంటల్లో రెట్టింపు అయింది. ముందుగా గోరువెచ్చని నీటిలో నానబెట్టే పని లేదు, పొడి పిండిలోనే కలిపేయవచ్చు.

అయితే ఈస్ట్ మంచిదైనంత మాత్రాన రొట్టె దానంతటదే కుదరదు. ఎండు పళ్లను అలాగే వేస్తే అవి పిండిలోని తేమను పీల్చి రొట్టె లోపలి భాగాన్ని పొడిబార్చుతాయి. అందుచేత గోరువెచ్చని నీటిలోనో నారింజ రసంలోనో నానబెట్టి, వడకట్టి, గుడ్డతో తడి అద్ది, పిండి బాగా సాగే స్థితికి వచ్చిన తరువాతే కలపాలి. మొదట్లోనే వేస్తే మర్దించేటప్పుడు అవి నలిగి, అప్పుడప్పుడే అల్లుకుంటున్న గ్లూటెన్‌ను, అంటే పిండికి సాగే గుణాన్నిచ్చే జిగురు వలను, తెంపేస్తాయి. వెన్న విషయంలోనూ ఇంతే, ఆలస్యంగా, కొద్దికొద్దిగా కలపాలి. దాల్చినచెక్క పొడి ఈస్ట్‌కు గిట్టదు. నేను దాన్ని పిండిలో కలపకుండా, పిండిని పరిచి పైన చల్లి చుట్టేస్తాను. పైకి తేలిన ద్రాక్షలు మాడి చేదెక్కుతాయి కనుక ఓవెన్‌లో పెట్టేముందు వాటిని లోపలికి నొక్కడం మరువకూడదు. రొట్టె నడిమి వేడి 90 డిగ్రీలకు చేరితే ఉడికినట్టే. పైభాగం అంతకుముందే ఎర్రబడితే రేకు కప్పుతాను.

రుచిలో మాత్రం ఒక లోటు ఉంది. పొంగు త్వరగా రావడం వల్ల, సహజంగా పులిసిన పిండికి ఉండే లోతైన పరిమళం దీనికి అబ్బదు. ఇటలీలో 2005 నాటి ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం పానెటోన్ (అక్కడి క్రిస్మస్ తీపి రొట్టె) అన్న పేరుతో అమ్మే రొట్టెలో ఎండు ద్రాక్ష, నారింజ జాతి తొక్కలు కలిపి కనీసం 20 శాతం, వెన్న కనీసం 16 శాతం ఉండాలి, పైగా అది సహజంగా పులిసిన పిండితో పొంగాలి. ఆ లెక్కన నా రొట్టె పానెటోన్ అనిపించుకోదు, నేను అననూ అనను. మొదటి పొంగు వచ్చాక పిండిని ఓ రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే రుచి కొంత మెరుగుపడుతుంది. చల్లబడిన ముద్ద చేతికి అంటుకోకుండా చక్కగా ఆకారం కూడా తీసుకుంటుంది.

చక్కెర తక్కువగా వేసే రొట్టెలకు ఎరుపు పొట్లమే చాలు, దీని అవసరం లేదు. ఇది గాలి చొరని 500 గ్రాముల పొట్లంగా దొరుకుతుంది. ఒక్కో రొట్టెకు 8 గ్రాములే పడుతుంది కాబట్టి ఏడాదికి రెండుసార్లు చేసేవారు దీన్ని ఎవరితోనైనా పంచుకోవడం మేలు. విప్పాక దీనికి తేమ, గాలి శత్రువులు. బిగుతైన మూత ఉన్న డబ్బాలో పోసి ఫ్రీజర్‌లో ఉంచి, కావలసినప్పుడు నేరుగా చెంచాతో తీసి వాడుకోవచ్చు. నా డబ్బా అక్కడ చేరి ఎనిమిది నెలలైంది. నిన్నటి రొట్టె మొదటిదానికంటే ఓ పావుగంట ఆలస్యంగా పొంగింది, అంతే.