పాత ఈ పీసీకి రికవరీ డీవీడీ, యాంటిఎక్స్: రెండూ వాడి చూశాక

అటక దులుపుతుంటే 2007 నాటి అసుస్ ఈ పీసీ (Eee PC) 701 అనే బుల్లి ల్యాప్‌టాప్ బయటపడింది. ఆ పేరుతోనే తంటా, "ఈ పీసీ బాగుచేస్తున్నా" అంటే ఇంట్లో అందరూ "ఏ పీసీ?" అంటారు. 7 అంగుళాల తెర, 512 ఎంబీ ర్యామ్, 4 జీబీ ఎస్‌ఎస్‌డీ, అంతే. మామూలుగా దీన్ని ఆన్ చేస్తూ ఎఫ్9 నొక్కితే కొన్నప్పటి స్థితికి తెచ్చే మెనూ వస్తుంది, కానీ మా బావమరిది ఎప్పుడో విండోస్ ఎక్స్‌పీ ఎక్కించి ఆ మెనూ ఉండే భాగాన్నే చెరిపేశాడు.

మిగిలింది పెట్టెలోని రికవరీ డీవీడీ. దీనికి డీవీడీ డ్రైవ్ లేదు కాబట్టి, డిస్కును వేరే విండోస్ కంప్యూటర్లో పెట్టి, అందులోనే ఉన్న చిన్న ప్రోగ్రాంతో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలి. మొదటి రెండుసార్లు కాపీ సగంలో ఆగింది, తప్పు డిస్కుదేనేమో అని టెన్షన్ పడ్డాను. తీరా ఎఫ్3 అనే టూల్‌తో పరీక్షిస్తే, 16 జీబీ అని చెప్పి అమ్మిన ఆ ఊరూపేరూ లేని పెన్‌డ్రైవ్‌లో అందులో సగం కూడా లేదు! పాత 2 జీబీది వెతికి పెట్టి, ఆన్ చేస్తూ ఎస్కేప్ నొక్కి, జాబితాలో దాన్ని ఎంచుకుంటే పని సాఫీగా అయిపోయింది.

డీవీడీ తన మాట నిలబెట్టుకుంది, దీనితో మొదట వచ్చిన లినక్స్, ఆ పెద్ద పెద్ద బొమ్మల జాండ్రోస్ తెర మళ్లీ వచ్చింది. కాకపోతే అది తెచ్చిపెట్టింది 2007ని. ఆనాటి ఫైర్‌ఫాక్స్‌కి ఇప్పటి సైట్ల భద్రతా పద్ధతులు అర్థం కావు, చాలావరకు తెరుచుకోవు. పైగా అసలు సిస్టమ్ చదవడానికి మాత్రమే ఉన్న భాగంలో కూర్చుంటుంది, మనం వేసే అప్‌డేట్లు దాని మీద పొరలా పడతాయి, కింద పాతది అలాగే ఉండి చోటు తింటుంది. 4 జీబీలో ఈ దుబారా ఎక్కడ భరిస్తాం?

అందుకే యాంటిఎక్స్, పాత కంప్యూటర్లలోనూ నడిచే తేలికైన లినక్స్. దీని సెలెరాన్ ప్రాసెసర్‌లో పీఏఈ (4 జీబీకి మించిన ర్యామ్‌ని వాడుకోనిచ్చే సదుపాయం) కనిపించదు కాబట్టి చాలా 32 బిట్ లినక్స్‌లు మొదట్లోనే మొరాయిస్తాయి, పేరున్న లినక్స్ డెబియన్ 13 అయితే 32 బిట్ ఇన్‌స్టాలర్ ఇవ్వడమే మానేసింది. యాంటిఎక్స్ 23లో పీఏఈ అక్కర్లేని కెర్నల్ (సిస్టమ్‌కి గుండెకాయ లాంటిది) ఉంది. ఎస్‌ఎస్‌డీ జోలికి పోకుండా, దాని సొంత లైవ్ యూఎస్‌బీ మేకర్‌తో ఎస్‌డీ కార్డుకి ఎక్కించి, పర్సిస్టెన్స్ పెట్టుకున్నాను, అంటే చేసిన మార్పులు కార్డులోనే నిలుస్తాయి. 701లో కార్డు స్లాటు కూడా యూఎస్‌బీ కిందే లెక్క, నేరుగా బూట్ అవుతుంది. కార్డు తీసేస్తే మళ్లీ పాత జాండ్రోస్.

బ్రౌజర్ మాత్రం నత్తనడకే, వీడియోల ఆశ పెట్టుకోకండి. 480 గీతల తెరలో కొన్ని కిటికీల కింది బటన్లు కనిపించవు, ఆల్ట్ పట్టుకుని మౌస్‌తో పైకి లాగాలి. రాతపనికి మాత్రం హాయి: ఫాంట్స్-తెలు ప్యాకేజీ వేస్తే పోతన, వేమన ఫాంట్లు రెండూ వచ్చాయి, ఇది రాసింది కూడా దాని మీదే. డీవీడీకి అయిదులో మూడు, యాంటిఎక్స్‌కి నాలుగున్నర. బ్యాటరీ ఎప్పుడో పోయింది, చార్జర్ తీస్తే ఆరిపోతుంది.