ఈ మధ్య కొన్న నాలుగు ఆల్బమ్‌లు: మూడు ఉంచుకున్నాను, ఒకటి తిప్పి పంపాను

సంగీతప్రియులు నలుగురు కలిస్తే, కొత్తగా ఏ ఆల్బమ్ కొన్నారన్న మాట రాక మానదు. అయితే ఆ మాటల్లో కళాకారుడి పేరు, ఆల్బమ్ పేరు వినిపించినంతగా, కొన్నది ఎల్‌పీయా (ముల్లుతో వినే పెద్ద గ్రామఫోన్ రికార్డు) సీడీయా, ఏ సంవత్సరపు ముద్రణ, ఏ టేపు నుంచి తయారు చేసినది అన్న వివరాలు వినిపించవు. సంగీతం ఒకటే అయినా మన చేతికి వచ్చే వస్తువు ఒకటి కాదు. ఒకే ఆల్బమ్ ఒక ముద్రణలో ప్రాణం లేచివచ్చినట్టు, మరో ముద్రణలో చప్పగా వినిపించడానికి కారణం అక్కడే ఉంటుంది. కిందివన్నీ ఎప్పుడో పేరు తెచ్చుకున్న ఆల్బమ్‌లు కనుక, వాటి గొప్పదనాన్ని మళ్లీ నిరూపించే పని పెట్టుకోకుండా, ఏది ఏ రూపంలో కొనదగినదో అన్న విషయానికే ఈ సమీక్షను పరిమితం చేస్తున్నాను.

మొదటిది జాజ్ ట్రంపెట్ కళాకారుడు మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’, ఎల్‌పీ. న్యూయార్క్‌లో కొలంబియా సంస్థకు 30వ వీధిలో ఉన్న స్టూడియోలో 1959 మార్చి 2న కొంత, ఏప్రిల్ 22న కొంత రికార్డు చేసి, అదే సంవత్సరం ఆగస్టు 17న విడుదల చేసిన ఈ ఆల్బమ్ అప్పటి నుంచి లెక్కకు అందనన్ని ముద్రణలు పొందింది. ఆ ముద్రణల మధ్య అసలు తేడా అట్ట నాణ్యతలోనో, రికార్డు బరువులోనో లేదు, శ్రుతిలో ఉంది. మార్చి 2న ప్రధానంగా వాడిన టేపు యంత్రం ఉండవలసిన వేగం కంటే కాస్త నెమ్మదిగా తిరిగింది. అలా నింపిన టేపును సరైన వేగంతో తిప్పితే సంగీతం పరుగు పెడుతుంది, శ్రుతి పైకి లేస్తుంది. ఆనాటి మూడు రచనలే రికార్డు మొదటి వైపును నింపినందువల్ల, లోకం దశాబ్దాల పాటు విన్న మొదటి వైపు, కళాకారులు వాయించిన దానికంటే సుమారు పావు స్వరం హెచ్చుగా ఉండేది. ఏప్రిల్‌లో నింపిన రెండో వైపుకు ఈ దోషం లేదు. అదృష్టవశాత్తు ఆ రోజు పక్కనే మరో యంత్రం కూడా నడిచింది, దాని వేగం సరిగ్గా ఉంది. ఆ టేపు ఆధారంగా 1992లో ఒక సీడీ ముద్రణలో పొరపాటును సరిదిద్దారు. ఆ సవరణ తర్వాత ఎల్‌పీల్లోకి కూడా వచ్చింది.

నేను కొన్నది సవరించిన ముద్రణ. పక్కన పెట్టి పోల్చడానికి ఒక మిత్రుడి దగ్గర ఉన్న పాత ప్రతి దొరికింది. రెండూ వెంటవెంటనే వింటే తేడా మొదట వేగంలో కంటే వాద్యాల ఒంటితీరులో తెలుస్తుంది. పాత ప్రతిలో కేనన్‌బాల్ ఆడర్లీ ఆల్టో శాక్సఫోన్ కాస్త సన్నగా, పలుచగా ఉంటుంది; సవరించిన దానిలో దానికి కండ పట్టింది. జాన్ కోల్ట్రేన్ టెనర్ శాక్సఫోన్‌కు ఛాతీ నుంచి వచ్చే గొంతు లాంటి లోతు చేకూరింది. పాత ప్రతికి అలవాటు పడిన చెవులకు కొత్తది మొదట్లో నీరసంగా తోచే మాట నిజమే. అలవాటును గౌరవిస్తాను కానీ, వాయించినవారు వాయించిన శ్రుతి ఇదే అయినప్పుడు నా ఓటు దీనికే. ఈ రికార్డుతో పాటు వాయించి సాధన చేసుకోవాలనుకునేవారికైతే అసలు రెండో ఆలోచనే అక్కర లేదు. పాత ప్రతి పక్కన కూర్చుంటే తమ వాద్యం శ్రుతినే మార్చుకోవలసి వస్తుంది.

ముద్రణ నాణ్యతను పరీక్షించడానికి ఈ ఆల్బమ్‌లోని మొదటి రచన ‘సో వాట్’ చాలు. పియానో, బాస్ మెల్లగా మాట్లాడుకునే ఆరంభంలో రికార్డు ఉపరితలపు చిటపటలు దాక్కోవడానికి చోటు ఉండదు. ఆ తర్వాత డేవిస్ ట్రంపెట్ తన వంతు అందుకునే చోట డ్రమ్స్ వాయించే జిమ్మీ కాబ్ తాళపు పళ్లెం మీద ఒక్క దెబ్బ కొడతాడు. ఆ మోత ట్రంపెట్ వెనుక చాలాసేపు సాగి, క్రమంగా సన్నబడుతుంది. శబ్దాన్నంతా ఒకే ఎత్తుకు పెంచి చదును చేసిన ముద్రణల్లో ఆ మోత తోక మధ్యలోనే కలిసిపోతుంది. నా ప్రతిలో అది చివరి దాకా వినబడింది. అట్ట మీద గొప్పగా అచ్చు వేసిన 180 గ్రాముల బరువుకు, ఈ స్పష్టతకు సంబంధం ఉందని నేను అనుకోను. బరువైన రికార్డు చేతికి దిట్టంగా ఉంటుంది, అంతే. వినికిడిని నిర్ణయించేది మాస్టరింగ్ (టేపులోని శబ్దాన్ని ముద్రణకు సిద్ధం చేసే పని) చేసినవారి చెవి, ముద్రించిన కర్మాగారం శ్రద్ధ.

రెండోది కీత్ జారెట్ ‘ది కోల్న్ కాన్సర్ట్’. దీన్ని సీడీగా కొన్నాను, కావాలనే కొన్నాను. 1975 జనవరి 24 రాత్రి పొద్దుపోయాక, జర్మనీలోని కోల్న్ ఒపెరా భవనంలో, దాదాపు అంతా అప్పటికప్పుడు అల్లుకుంటూ జారెట్ ఒంటరిగా పియానో వాయించిన కచేరీ ఇది. ఆయన కోరిన పియానో కాకుండా, సాధనకు వాడే చిన్న పియానో వేదిక మీదికి చేరిందని, దాని పై స్థాయి పీలగా, మంద్రం బలహీనంగా ఉండేదని, పెడళ్లు కూడా సరిగా పనిచేయలేదని అందరికీ తెలిసిన కథే. ఆ లోపాన్ని దాటడానికి ఆయన ఎక్కువగా మధ్య స్థాయిలోనే తిరుగుతూ, ఎడమచేతితో ఒకే లయను పదేపదే పట్టి నిలబెట్టడం ఈ సంగీతానికి ముఖ్యలక్షణమైంది. ఆ పట్టులోకి మనం కూడా జారుకోవాలంటే మధ్యలో ఎవరూ పిలవకూడదు. ఎల్‌పీ పిలుస్తుంది. రెండు రికార్డుల ఆ సెట్టులో రెండో భాగం మూడు ముక్కలై మూడు వైపులకు పంపిణీ అయింది. ప్రతి ముక్క తర్వాత లేచి రికార్డు తిప్పాలి, లేదా మార్చాలి. చివరి వైపున ఉండేది సుమారు ఏడు నిమిషాలే.

మొదటి భాగానిది ఇంకో చిక్కు. అది దాదాపు 26 నిమిషాలు ఒకే వైపు సాగుతుంది. ఒక వైపున 20 నిమిషాలకు మించి నింపాలంటే గాడులను దగ్గర దగ్గరగా కోయాలి, అందుకోసం శబ్దపు స్థాయిని తగ్గించాలి. తగ్గిన కొద్దీ సంగీతానికి, ఉపరితలపు రొదకు మధ్య ఎడం తగ్గుతుంది. పైగా నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే రికార్డు అంచు దగ్గర ముల్లు కింద గాడి సెకనుకు సుమారు 51 సెంటీమీటర్ల చొప్పున కదిలితే, లోపలి చివరకు వచ్చేసరికి ఆ వేగం 21 సెంటీమీటర్ల దాకా పడిపోతుంది. భాగం ముగింపుకు వచ్చేదీ, ముల్లు సన్నని వివరాలను పట్టడానికి ఎక్కువ కష్టపడేదీ అక్కడే. సీడీలో ఈ బాధలేవీ లేవు: కచేరీ మొత్తం ఒకే పళ్లెంలో ఒదిగింది, నిశ్శబ్దం నిశ్శబ్దంగానే ఉంది. వాయిస్తూ జారెట్ చేసే మూలుగులు, కాలి చప్పుళ్లు సీడీలో మరింత స్పష్టంగా వినిపిస్తాయి. కొందరికి అవి పంటి కింద రాళ్లు. అటువంటివారు ఏ రూపంలోనూ ఈ ఆల్బమ్ కొనకపోవడం మేలు. సీడీ అట్టలోని అక్షరాలు చీమల బారంత ఉండటం తప్ప నాకు దీనితో పేచీ లేదు.

మూడోది ‘కాల్ ఆఫ్ ద వ్యాలీ’, వాడిన ఎల్‌పీ. శివకుమార్ శర్మ సంతూర్, హరిప్రసాద్ చౌరాసియా వేణువు, బ్రిజ్‌భూషణ్ కాబ్రా గిటార్ కలిసి ఒక లోయలో గొర్రెల కాపరి దినచర్యను వేళకు తగిన రాగాలతో చెప్పిన 1960ల నాటి ప్రయోగం ఇది. అహిర్ భైరవ్‌తో తెల్లవారి, నట్ భైరవ్, పీలూ మీదుగా మొదటి వైపు ముగుస్తుంది. రెండో వైపు భూప్‌తో సాయంత్రంలోకి ప్రవేశించి దేస్, పహాడీలతో రాత్రిలోకి నడుస్తుంది. పైన ఎల్‌పీ తిప్పడాన్ని నిందించిన నేను ఇక్కడ దాన్నే మెచ్చుకోవలసి వస్తోంది: పగటికి, సాయంత్రానికి మధ్య ఆ విరామం సరిగ్గా అమరింది. సీడీగా వచ్చిన ఒక ముద్రణలో చివర వేరే అంశాలు కలిపారు. అవి మంచివే కానీ, పహాడీతో రోజు ముగిశాక వాటికి ఆ కథలో పని లేదు. నా ప్రతికి అట్ట మూలలు నలిగాయి, అంచు దగ్గర సన్నని గీతలున్నాయి. మెత్తని బ్రష్‌తో దుమ్ము తీశాక సంతూర్ చినుకులు చిటపటల్లోంచి విడిగా వినబడ్డాయి. వాడిన రికార్డు కొనేవారు మెరుపును చూసి మోసపోకుండా, దీపం కింద ఏటవాలుగా పట్టుకుని చూడాలి. గోటికి తగిలేంత లోతైన గీత ఉంటే ఆ చోట ముల్లు ఎగరడమో, అక్కడే తిరగడమో జరిగే అవకాశం ఎక్కువ.

నాలుగోది ఒక పియానో ఆల్బమ్ కొత్త ఎల్‌పీ. దాని పేరూ, ముద్రించినవారి పేరూ ఇక్కడ అనవసరం. రికార్డు మధ్య రంధ్రం కేంద్రానికి కాస్త పక్కగా పడింది. టర్న్‌టేబుల్ ముందు కూర్చుని చూస్తే, ముల్లును మోసే చెయ్యి నిదానంగా లోపలికి జరగడానికి బదులు ప్రతి చుట్టుకూ ఒకసారి, అంటే ప్రతి 1.8 సెకన్లకు, కుడికీ ఎడమకూ ఊగుతోంది. చెవికి ఆ ఊపు శ్రుతి ఊగిసలాటగా చేరుతుంది. ఇదే దోషం గాత్రంలోనో, వయొలిన్‌లోనో ఉంటే గమకం మాటున కొంత కప్పుకుపోయేదేమో. పియానో మీట ఒకసారి నొక్కాక స్వరం కదలదు, కాబట్టి కదిలిందంటే నేరం రికార్డుదే. నిలిపి వాయించిన ప్రతి స్వరమూ నీళ్లలో తేలుతున్నట్టు వినిపించింది. దీనికి తోడు లోపలి కవరు గరుకు కాగితం కావడంతో, మొదటిసారి బయటికి తీసినప్పటికే రికార్డు మీద సన్నని రాపిడి గుర్తులు పడి ఉన్నాయి.

దుకాణంవారికి చెయ్యి ఊగడాన్ని వీడియో తీసి పంపితే, వారు వాదించకుండా మరో ప్రతి ఇస్తామన్నారు. ఇటువంటి దోషం ఒక విడత ముద్రణ మొత్తానికీ ఉండే అవకాశం ఉంది కనుక నేను ఆ ప్రతిపాదనకు ఒప్పుకోలేదు. డబ్బు తిరిగి తీసుకుని, అదే ఆల్బమ్‌ను సీడీగా తెప్పించుకుంటున్నాను.