అమృతాంజనం పసుపు బామ్: తలనొప్పి సంగతి సరే, ఆ డబ్బు ఏం చేసిందో తెలుసా?

మా ఇంట్లో తలనొప్పి అంటే ఇప్పటికీ పసుపు బామే. ఎన్ని కొత్త రకాలొచ్చినా నాకు పాతదే నచ్చుతుంది. గోటి కొసకి అంటేంత తీసుకుని కణతలకు రాస్తే ముందు చురుక్కుమంటుంది, కాసేపటికి చల్లబడుతుంది, ఆ ఘాటుకి మూసుకుపోయిన ముక్కు కూడా కాస్త తెరుచుకుంటుంది. జలుబుతో వచ్చే తలనొప్పికీ, రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని పట్టేసిన మెడకీ బాగా పనిచేస్తుంది. మైగ్రేన్ ఉన్నవాళ్లు మాత్రం దీన్నే నమ్ముకోకుండా డాక్టర్‌కి చూపించుకోండి. రాసుకున్న చేత్తో కళ్లు నలుపుకోకండి. నా వరకు ఐదుకి నాలుగున్నర.

అసలు నేను చెప్పాలనుకున్నది వేరే. ఈ మందుని 1893లో బొంబాయిలో మొదలుపెట్టింది మన కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు గారు. తొలిరోజుల్లో సంగీత సభల్లో ఉచితంగా పంచి జనానికి అలవాటు చేశారట. డబ్బు బాగానే వచ్చింది, ఆయన దాన్ని మేడలకీ పొలాలకీ పెట్టి ఊరుకోలేదు. 1907లో సూరత్ కాంగ్రెస్‌కి వెళ్లొచ్చాక తెలుగువాళ్లకో పత్రిక ఉండాలనుకుని, 1908లో బొంబాయిలోనే ఆంధ్రపత్రికను వారపత్రికగా తెచ్చారు, 1914లో మద్రాసు నుంచి దినపత్రిక చేశారు. తర్వాత 1924లో భారతి అనే సాహిత్య మాసపత్రిక, 1926లో పుస్తకాలు అచ్చువేసే ఆంధ్ర గ్రంథమాల.

పత్రిక నడపడం అప్పుడూ ఇప్పుడూ చేతి చమురు వదిలే పనే. జమీందారు డబ్బిస్తే జమీందారు మనసెరిగి రాయాలి, సర్కారు చల్లగా చూడాలంటే నోరు కట్టుకోవాలి. ఈయనకి ఆ అవసరం పడలేదు. బొంబాయిలో ఒక మరాఠీ గుమాస్తా, మద్రాసులో ఒక తమిళ ఇల్లాలు తలనొప్పికని కొన్న సీసా డబ్బు కూడా తిరిగి తిరిగి ఎక్కడో తెలుగు ఊళ్లో పేపరై, పుస్తకమై తేలింది. నాకు ఇందులో అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఇదే. ఊళ్లో చదువొచ్చినవాడు ఒక్కడు అరుగు మీద కూర్చుని పేపరు పైకి చదివితే చుట్టూ పదిమంది వినే కాలం అది, కాబట్టి ఒక్క కాపీ చాలా దూరం వెళ్లేది.

1913లో బాపట్ల ఆంధ్ర మహాసభలో చర్చకొచ్చిన, మద్రాసు నుంచి విడిగా తెలుగువాళ్లకో ప్రత్యేక రాష్ట్రం అనే మాట చల్లారిపోకుండా జనం నోళ్లలో నానిందంటే ఆ పత్రిక పాత్ర చాలా ఉంది. రాష్ట్రం ఒక్క పేపరుతో రాలేదు, పొట్టి శ్రీరాములు గారు ప్రాణమే ఇచ్చారు, అది మరవకూడదు. కానీ రాష్ట్రం వస్తే రాజధాని, హైకోర్టుల్లో ఒకటి సీమకి దక్కాలని కోస్తా, రాయలసీమ నాయకులు 1937 నవంబరులో ఒడంబడిక రాసుకున్నది ఈ బామ్ ఆయన ఇంట్లోనే, మద్రాసు శ్రీబాగ్‌లో. సీమకి హైకోర్టు కావాలన్నప్పుడల్లా ఇవాళ్టికీ ఆ కాగితాన్నే బయటికి తీస్తారు. ఆయన 1938లోనే పోయారు, 1953లో వచ్చిన రాష్ట్రాన్ని చూడలేదు.

కంపెనీ వాళ్లకి ఒక్క విన్నపం. డబ్బా మీద ఆయన బొమ్మ, ఆంధ్రపత్రిక పేరు, ఈ కథ రెండు ముక్కల్లో తెలుగులో కాస్త పెద్ద అక్షరాలతో వేయండి. మా పిల్లలకి ఇది టీవీ యాడ్‌లో కనిపించే నొప్పి మందుగానే తెలుసు.