రన్నింగ్ వాచ్ అలర్ట్: మెసేజ్ వెళ్లింది, అమ్మ తెరవలేదు

ఈ వాచ్ కొన్నదే సేఫ్టీ ఫీచర్ల కోసం. జీపీఎస్, గుండె వేగం, బ్యాటరీ గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. నాకూ వాటితో ఏ ఇబ్బందీ లేదు. నా కోపమంతా ఎమర్జెన్సీ మెసేజ్ మీదే, అంటే నేను ఆపదలో ఉన్నానని ముందే ఎంచుకున్న మనవాళ్లకి వాచ్ పంపే మెసేజ్ మీద.

విశాఖలో తెల్లవారకముందే ఒక్కదాన్నే పరుగుకి వెళ్తాను. ఆర్కే బీచ్ దగ్గర ఆ వేళకే జనం ఉంటారు. తెన్నేటి పార్కు దాటి జోడుగుళ్లపాలెం మీదుగా సాగర్ నగర్ వైపు వెళ్లే కొద్దీ మనుషులు పలచబడతారు. ఒకపక్క కైలాసగిరి, ఇంకోపక్క సముద్రం. నేను తిరిగొచ్చేదాకా ఇంట్లో అమ్మకి టెన్షనే.

పోయిన వర్షాకాలంలో ఆ దారిలోనే రోడ్డు అంచున గుంతలో కాలు పడి కూలబడ్డాను. చేతులు ఆనించడంతో తలకి దెబ్బ తగల్లేదు కానీ చీలమండ బెణికి, కాలు కింద పెట్టలేకపోయాను. వాచ్ దీన్ని ప్రమాదంగా గుర్తించలేదు. గట్టి కుదుపు వచ్చి, ఆ వెంటనే కదలిక ఆగిపోతేనే ఇలాంటి వాచీలకి అనుమానం వస్తుంది. నేనేమో మెల్లగా ఒరిగిపోయాను, లేవాలని కదులుతూనే ఉన్నాను. కాబట్టి అందుకు దాన్ని తప్పు పట్టను. కుక్కలు అడ్డొచ్చి టక్కున ఆగినప్పుడు మాత్రం ఇదే వాచ్ పడిపోయాననుకుని, మెసేజ్ పంపే ముందు వచ్చే కౌంట్‌డౌన్ మొదలుపెట్టిన సందర్భాలున్నాయి. చెమట వేళ్లతో గబగబా రద్దు చేయాల్సి వచ్చేది.

ఆ మెసేజ్ నేనే పంపుదామని వాచ్ బటన్ గట్టిగా నొక్కి పట్టుకున్నాను. వాచ్ వణికింది, మెసేజ్ పంపినట్టు చూపించింది. దీనికి సొంత సిమ్ లేదు, ఏది పంపినా నా ఫోన్ ద్వారానే పోవాలి. ఫోన్ నడుము బెల్టులోనే ఉంది, సిగ్నల్ కూడా ఉంది. అమ్మ ఫోన్ చేస్తుందని చూశాను. రాలేదు. చివరికి నేనే చేశాను.

"ఏదో ఇంగ్లిష్ మెసేజ్ వచ్చిందమ్మా, కింద లింకు ఉంది. నొక్కితే బ్యాంకులో డబ్బులు పోతాయంటున్నారు కదా, తీసిపారేశాను" అంది.

అమ్మ చేసినదాంట్లో తప్పేముంది? తెలియని నంబరు, అర్థంకాని భాష, కింద ఒక లింకు. ముట్టుకోవద్దని మనమే చెప్పాం, అప్పట్లో ఫోన్ చేసినప్పుడల్లా వినిపించిన హెచ్చరికా అదే చెప్పింది. ఇలాంటి మోసాలు ముదిరే కదా, సంస్థలు పంపే మెసేజ్‌లలో ముందుగా నమోదు చేయని లింకులుంటే ఆపేయాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 అక్టోబర్ 1 నుంచి నిబంధన పెట్టింది! ఇంత భయం ఉన్న దేశంలో వాచ్ అమ్ముతూ, ఆ మెసేజ్ అందుకునే మనిషి ఎవరో కంపెనీ ఆలోచించాల్సింది. హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడికీ అదే మెసేజ్ వెళ్లింది. వాడు నిద్రలేచి చూసేసరికి నేను ఆటోలో ఇంటికి చేరిపోయాను. జోడుగుళ్లపాలెం జాలర్లు లేపి కూర్చోబెట్టి, ఆటో మాట్లాడి పంపారు.

ఆ రోజు నాకు స్పృహ ఉంది, ఫోన్ చేయగలిగాను. చేయలేని రోజు కోసమే కదా ఈ ఫీచర్‌కి డబ్బు పెట్టింది!

కొన్న కొత్తలో లైవ్ లొకేషన్‌ని తెగ పొగిడాను. ఆ మాట ఇప్పటికీ చాలావరకు నిజమే. పరుగు మొదలుపెట్టేటప్పుడు, నేనెక్కడున్నానో చూపే లింకుని నా వాట్సాప్ నుంచి అమ్మకి పంపుతాను. నా పేరుతో వస్తుంది కాబట్టి భయపడకుండా తెరుస్తుంది, మ్యాప్‌లో చుక్క కదులుతుంటే స్థిమితంగా ఉంటుంది. కాకపోతే డేటా అందని చోట చుక్క ఆగిపోతుంది, అప్పుడు ఆవిడ కంగారు రెట్టింపవుతుంది. చుక్క ఆగితే ముందు నాకు ఫోన్ చేయమని, నేను ఎత్తకపోతే 112కి చేయమని చెప్పి ఉంచాను. వాచ్ మెసేజ్ ఎలా ఉంటుందో కూడా ఒకసారి పంపి చూపించాను. మొదటి కాంటాక్ట్‌గా ఇప్పుడు మా వీధిలోనే ఉండే, పొద్దున్నే లేచే ఒక అక్క ఉన్నారు.

నాకు కావాల్సింది మెసేజ్ కాదు, కాల్. అమ్మ లింకు తెరవదు గానీ ఫోన్ మోగితే ఎత్తుతుంది. యాపిల్ వాచ్‌లో 2018 నుంచి ఉన్న ఫాల్ డిటెక్షన్ గట్టిగా పడ్డారని గుర్తించి, దాదాపు ఒక నిమిషం కదలిక లేకపోతే తనే అత్యవసర నంబరుకు కాల్ చేస్తుంది. సొంతంగా మొబైల్ నెట్‌వర్క్ అందుకునే సెల్యులార్ మోడల్, దానికి ప్లాన్ ఉంటే పక్కన ఫోన్ ఉండక్కర్లేదు. కానీ ఆ ధర, ఇంచుమించు రోజూ ఛార్జింగ్ పెట్టడం నాకు కుదరవు.

అందుకే ఈ వాచ్‌నే ఉంచుకున్నాను. ఇంట్లో ఇంగ్లిష్ మెసేజ్ చదివి వెంటనే కదిలే మనిషి ఉంటే, ఫోన్ ఎలాగూ వెంట తీసుకెళ్తుంటే, మీకు ఇది సరిపోవచ్చు. మీ ఇంట్లోనూ మా అమ్మలాంటి వాళ్లే ఉంటే మాత్రం కొన్న వారంలోనే ఒకసారి బటన్ నొక్కి, అవతల ఎవరు ఏం చేస్తారో చూసుకోండి. వాచ్ వాపసు ఇచ్చే గడువు ఇంకా ఉంటుంది.